సాటర్‌డే నైట్ లైవ్: స్టాండ్‌బై లైన్‌లో మేము

శనివారం రాత్రి న్యూయార్క్ నుంచి టీవీలో లైవ్‌గా వచ్చే కామెడీ షో సాటర్‌డే నైట్ లైవ్. దానికి టికెట్ ఉచితం. అందుకే దొరకడం కష్టం. ఏడాదికోసారి, ఆగస్టులో మాత్రమే ఒక ఈమెయిల్ పంపాలి. లాటరీలో పేరు వస్తే రెండు టికెట్లు ఇస్తారు, ఏ వారం అన్నది వాళ్ళిష్టం. న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చినప్పటినుంచి ఐదు ఆగస్టులు పంపాను. ఒక్కసారీ రాలేదు. ఇక మిగిలింది స్టాండ్‌బై, అంటే సీట్లు మిగిలితే దొరికే అవకాశం.

షో ఉన్న వారం గురువారం పొద్దున పది గంటలకు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. రెండు షోలలో ఏదో ఒకటే ఎంచుకోవాలి. రాత్రి ఎనిమిదింటికి ప్రేక్షకుల ముందే చేసే ఆఖరి రిహార్సల్, అదే డ్రెస్ రిహార్సల్, లేదా పదకొండున్నరకు టీవీలో వచ్చే లైవ్. తమ్ముడూ నేనూ చెరో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ప్రయత్నించాం.

"అక్కా, డ్రెస్ పెట్టు."

"లైవ్ చూడకపోతే ఎందుకురా వెళ్ళడం?"

"డ్రెస్‌లో స్కెచ్‌లు, అవే ఆ చిన్న చిన్న కామెడీ స్కిట్లు, ఎక్కువుంటాయే. టీవీలో రానివి కూడా చూడొచ్చు."

ఆ ఒక్క మాటకి ఒప్పుకున్నాను. ఉగాదికి మా తెలుగు సంఘంలో స్కిట్లు రాసేది నేనే. ఏది నవ్విస్తుందో, ఏది నవ్వించదో స్టేజి ఎక్కేదాకా తెలియదని నాకు బాగా తెలుసు. కాగితం మీద పగలబడి నవ్విన డైలాగు హాల్లో చప్పగా పడిపోయిన రోజులున్నాయి.

శుక్రవారం సాయంత్రం రాక్‌ఫెల్లర్ సెంటర్ పక్క వీధిలో లైన్‌లో నిలబడ్డాం. నవంబరు చలి. మా అమ్మ అల్లిన ఉన్ని మఫ్లరు, ఫ్లాస్కులో అల్లం టీ, డబ్బాలో పులిహోర. మా ముందు నిలబడ్డ పెద్దావిడ ఈ షోని మొదటినుంచీ చూస్తోందట. మొదలైంది 1975 అక్టోబరు 11న. మొదటి హోస్ట్ కమెడియన్ జార్జ్ కార్లిన్. ఆయన ఆ రోజు ఒక్క స్కెచ్‌లోనూ నటించలేదని ఆవిడే చెప్పింది. ఇప్పుడైతే హోస్ట్ దాదాపు ప్రతి స్కెచ్‌లో ఉండాల్సిందే. అర్ధరాత్రి దాటాక చేతికి నంబరు కార్డులిచ్చారు. కార్డున్నంత మాత్రాన లోపలికి పంపుతారన్న హామీ లేదు. టికెట్లున్నవాళ్ళు కూర్చున్నాక సీట్లు మిగిలితేనే పిలుస్తారు. ఇంటికి వెళ్ళి పడుకుని శనివారం సాయంత్రం మళ్ళీ వచ్చాం. మా నంబరు వచ్చేదాకా ఉన్న టెన్షన్, నా వీసా ఇంటర్వ్యూ రోజున కూడా లేదు.

పిలిచారు.

ఎనిమిదో అంతస్తులో స్టూడియో 8హెచ్. ఒకప్పుడు సంగీత దర్శకుడు టోస్కానినీ ఆర్కెస్ట్రా రేడియో కచేరీలు చేసిన గది ఇది. టీవీలో ఎంతో పెద్దగా కనిపిస్తుంది కానీ చూస్తే చిన్నదే. మాకు బాల్కనీలో సీట్లు. కింద సెట్లు పక్కపక్కనే ఇరుక్కుని ఉన్నాయి. ఇటు వంటగది, అటు ఆఫీసు. వాటి మధ్య మనుషులు గోడలు మోసుకుంటూ పరుగెడుతున్నారు. ఒక స్కెచ్ అయ్యీ అవగానే అందులోని సోఫా మాయమైపోయేది.

ఆ వారం గెస్ట్ హోస్ట్ సినిమా నటుడు, కామెడీ పెద్దగా చేసినవాడు కాదు. మొదట్లో హోస్ట్ ఒక్కడే మాట్లాడే మోనోలాగ్ బాగా చెప్పాడు. తరువాత వచ్చిన దంతవైద్యుడి స్కెచ్ మాత్రం నడవలేదు. నేను స్టేజికంటే ఎక్కువగా క్యూకార్డులనే చూశాను. పెద్ద తెల్ల అట్టల మీద చేత్తో రాసిన డైలాగులు, ఒక్కో నటుడికి ఒక్కో రంగు సిరా. మార్చిన మాటల మీద తెల్ల టేపు అంటించి కొత్తవి రాశారు. ఒక అట్ట మీద టేపు మూడు చోట్ల కనిపించింది. అంటే అప్పటికే ఆ స్కెచ్‌ని మూడు చోట్ల బాగు చేయాలని చూశారన్నమాట. హోస్ట్ కళ్ళు ఆ అట్ట మీదినుంచి కదల్లేదు. ఎదుటి నటి డైలాగు చెప్పి అతని ముఖం వైపు చూస్తే, అతను కార్డువైపు చూస్తున్నాడు. ఆ అర క్షణంలోనే నవ్వు పోయింది. హాల్లో ఎవరో ఒకరు దగ్గారు. రాసినవాళ్ళ కోసం నాకు గొంతు పట్టేసింది.

ఎందుకంటే ఆ స్కెచ్ అక్కడిదాకా ఎలా వచ్చిందో తెలుసు. సోమవారం షో నిర్మాత లోర్న్ మైకేల్స్ గదిలో హోస్ట్ ముందు ఆలోచనలు చెబుతారు. మంగళవారం రాత్రంతా తెల్లవారేదాకా రాస్తారు. బుధవారం నలభై దాకా స్కెచ్‌లు చదువుతారు, వాటిలో మిగిలేవి డజను. ఆ రాత్రినుంచే బ్రూక్లిన్‌లో సెట్లు కట్టడం మొదలు. ఆరు రోజుల్లో గంటన్నర షో! ఎగుడుదిగుడుగా ఉందని విసుక్కునేవాళ్ళంటే నాకు కోపం వస్తుంది. మన జబర్దస్త్‌లాగా ముందే షూట్ చేసి, ఎడిట్ చేసి వేసుకునే వీలు వీళ్ళకి లేదు. మళ్ళీ వారం ఇంకో హోస్ట్, మళ్ళీ మొదటినుంచి.

వార్తల మీద జోకులేసే వీకెండ్ అప్‌డేట్‌కి హాలంతా నవ్వింది. రెండు పాటలూ బాగున్నాయి. ఒక కుటుంబం భోజనాల బల్ల దగ్గర కూర్చునే స్కెచ్ సగందాకా బ్రహ్మాండంగా నడిచింది, చివరికి సాగదీశారు. ఆఖరిది మరీ విచిత్రమైన స్కెచ్. ఒక మనిషి పావురానికి క్షమాపణ చెబుతూనే ఉంటాడు. మేమిద్దరం నవ్వాం, మా చుట్టుపక్కల పెద్దగా ఎవరూ నవ్వలేదు.

బయటికి వచ్చేసరికి పది దాటింది. పెన్ స్టేషన్‌కి దాదాపు పరుగెత్తాం. మా ఆయన టీవీ పెట్టే ఉంచారు. చెప్పులు విప్పేలోపే షో మొదట్లో వేసే "లైవ్ ఫ్రమ్ న్యూయార్క్" అన్న కేక వినిపించింది. కోటు విప్పకుండానే అక్కడే కూర్చున్నాను. తమ్ముడు తన రూమ్ నుంచి ఫోన్‌లో ఉన్నాడు.

భోజనాల బల్ల స్కెచ్ మొదట్లోకి వచ్చేసింది. సాగిన చివరి భాగం లేదు! తాతయ్య పాత్ర గ్లాసు కింద పెట్టగానే కట్. రెండు గంటల క్రితం అక్కడే హాలు నీరసపడిపోయింది, ఇప్పుడు అక్కడే చప్పట్లు.

"అక్కా, చూశావా, గ్లాసు దగ్గరే ఆపేశారు!" అని తమ్ముడు అరిచాడు. నేను అప్పటికే ఉగాది స్కిట్ కాగితాలు తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను. పెళ్ళిచూపుల సీనులో చివరి పేజీ మొత్తం కొట్టేశాను. ఆ పేజీలో నాకు బాగా ఇష్టమైన డైలాగు ఉంది.

దంతవైద్యుడి స్కెచ్ కోసం చూస్తూనే ఉన్నాం. రాలేదు. ఒంటిగంటకు పది నిమిషాలుందనగా పావురం వచ్చింది. డ్రెస్‌లో నవ్వు రాకపోయినా దాన్ని తీసెయ్యలేదు. మా ఆయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

చివర్లో అందరూ స్టేజి మీద కౌగిలించుకుంటుంటే ఆయన అడిగారు. "మరి ఆ పళ్ళ డాక్టరుది ఏదీ?"

"తీసేశారండీ."

"బాగుందా?"

"బాగాలేదు. మేం చూశాం."