నాన్న కేసులో ముందస్తు విడుదల: నా అనుభవం

నాన్నను చంపిన మనిషి జీవిత ఖైదులో ఉన్నాడు. అతను పెరోల్‌పై, అంటే జైలు నుంచి కొన్నాళ్ల సెలవుపై, ఊరొచ్చాడని, అమ్మ పాలకేంద్రం దగ్గర అతన్ని ఎదురుగా చూసిన రోజునే మాకు తెలిసింది. ముందుగా ఎవరూ చెప్పలేదు.

"పద్నాలుగేళ్లకే వదిలేస్తారు, ఇదేం శిక్ష" అని ఊళ్లో అందరూ మండిపడతారు. నిజానికి జీవిత ఖైదంటే బతికున్నంత కాలం. హత్య కేసుల్లో కనీసం 14 ఏళ్లు జైల్లో గడిపాకే ప్రభుత్వం విడుదల గురించి ఆలోచించవచ్చు. పెరోల్‌పై బయట ఉన్న రోజులు అందులో కలపకూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

నిరుడు అతని ముందస్తు విడుదల గురించి విచారణకంటూ కానిస్టేబుల్ ఇంటికొచ్చాడు. చేతిలో టైపు చేసిన ఫారం. విడుదలైతే గ్రామంలో గొడవలు జరిగే అవకాశం ఉందా అన్న ప్రశ్న ఎదురుగా నీలం ఇంకుతో "లేదు" అని అప్పటికే రాసుంది. అమ్మను వేలిముద్ర వేయమన్నాడు.

"ఇది మేం చెప్పిన మాట కాదు కదా సార్" అన్నాను.

"ఫార్మాలిటీయేనమ్మా, పైనుంచి తొందర పెడుతున్నారు" అన్నాడు. నేను అమ్మను వేలిముద్ర వేయనివ్వలేదు.

టెన్షన్‌తో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆ లాయరమ్మ నాకు ఏపూరు సుధాకర్ కేసు చెప్పింది. తండ్రిని చంపిన కేసులో దోషికి 2005లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్ శిక్ష తగ్గిస్తే, కొడుకు సుప్రీంకోర్టుకెళ్లాడు. నివేదికలో "మంచి కాంగ్రెస్ కార్యకర్త" లాంటి సంబంధం లేని మాటలు చూసి 2006లో కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2002 గుజరాత్ అల్లర్లలో జరిగిన సామూహిక అత్యాచారం, హత్యల కేసు, అంటే బిల్కిస్ బానో కేసులో 11 మంది దోషుల విడుదలనూ 2024 జనవరిలో రద్దు చేసింది. ఫారం మీద ఆ ఒక్క "లేదు" ఎంత పని చేయగలదో నాకప్పుడు అర్థమైంది.

ఎస్పీకి, జైలు సూపరింటెండెంట్‌కి, హోంశాఖకి అర్జీలు పెట్టాం. పెరోల్ రోజుల్లో అతని తమ్ముళ్లు సాక్షిని బెదిరించిన సంగతి రాశాం. శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం కూడా తీసుకోమని అడిగాం, చట్టంలో అది ఉంది. ప్రతి కాపీ మీదా తేదీతో ముద్ర వేయించుకున్నాను.

మళ్లీ విచారణ జరిగింది. ఈసారి ఎస్సై అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. ఆ విడత విడుదలయ్యే ఖైదీల జాబితాలో అతని పేరు రాలేదు. తర్వాతి జాబితాలో రావచ్చు.

నిజంగా మారిన ఖైదీ బయటికొస్తే నేను అడ్డుపడను. కానీ అతని సత్ప్రవర్తన గురించి జైల్లో వాకబు చేసేవాళ్లు మా గుమ్మంలోనూ అడగాలి, అతను ఊరికొచ్చే ముందు మాకో ఫోన్ చేయాలి. ఇదే కోరుతూ హోంశాఖకు విడిగా ఇంకో అర్జీ పెట్టాను. జవాబు ఇంకా రాలేదు.