బెజవాడ, గుంటూరు పెద్దల నోట స్వాతంత్ర్యం నాటి కబుర్లు: రికార్డు చేసేవాళ్లకు

1947 ఆగస్టు నాటికి బడికి వెళ్లే వయసున్నవాళ్లు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉన్నారు. ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్ల మాటల్ని దాచుకోవాలనే కోరిక చాలా ఇళ్లలో ఉంది, కానీ ఆగస్టు 15కి ముందురోజు హడావుడిగా ఫోను పట్టుకెళ్లి "తాతగారూ, స్వాతంత్ర్యం వచ్చినరోజు గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అంటే దొరికేది పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అందులో వాళ్ల తప్పేమీ లేదు, అడిగిన తీరే అలాంటిది. ఇన్ని దశాబ్దాలుగా పత్రికల్లో చదివినవి, సినిమాల్లో చూసినవి, సభల్లో విన్నవి సొంత జ్ఞాపకం మీద పేరుకుని ఉంటాయి. వాటి కిందికి దిగాలంటే ప్రశ్న చిన్నదిగా, చేతికి తగిలే వస్తువు గురించి ఉండాలి.

కాబట్టి మొదట్లోనే స్వాతంత్ర్యం ఊసు ఎత్తకండి. ఇంటి దగ్గర మొదలుపెట్టండి. పూరిల్లా, పెంకుటిల్లా? దీపంలో కిరసనాయిలా, ఆముదమా? మంచినీళ్లు ఏ బావి నుంచి, ఆ బావిలో చేద ఎవరు వేయొచ్చు, ఎవరు వేయకూడదు? యుద్ధం రోజుల్లో బియ్యానికీ బట్టకూ కిరసనాయిలుకూ ఎక్కడ వరుసకట్టేవారు? 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాక మీ వీధిలో ఎవరైనా పల్లెలకు తరలిపోయారా? ఇవన్నీ అయ్యేసరికి మనిషి ఆ ఇంట్లోకి, ఆ వయసులోకి వెళ్లిపోయి ఉంటారు. అప్పుడు 1947కి రండి. ఆ పొద్దున ఏం చేస్తున్నారు? బడికి వెళ్లారా, పొలానికా? జెండా ఎవరు ఎగరేశారు? మీరు ఎక్కడ నిలబడ్డారు, పక్కన ఎవరున్నారు? చివరగా తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: ఆ రోజు అక్కడికి ఎవరు రాలేదు?

ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబులే నాకు అన్నిటికంటే విలువైనవిగా తోస్తాయి. కూలికి వెళ్లినవాళ్లు రాలేదు. గడప దాటని ఆడవాళ్లు రాలేదు. బడి ఆవరణలోకి రానివ్వని పేటవాళ్లు దూరంగా నిలబడ్డారు. ఇలాంటివి ఎవరూ తమంతట తాము చెప్పరు. అడిగాక తొందరపెట్టకూడదు. ఐదారు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే చాలామంది మళ్లీ మొదలుపెట్టి కొత్త సంగతిలోకి వెళ్తారు. మనం మధ్యలో మాట అందిస్తే ఆ దారి మూసుకుపోతుంది. పక్కన కూర్చున్న కొడుకో మనవడో "అది కాదు నాన్నా, అది యాభై రెండులో" అని దిద్దడం ఇంకా పెద్ద ఇబ్బంది. వాళ్లను ముందే పక్కగదిలోకి పంపండి, లేదా మీకు తెలిసింది తరువాత విడిగా చెప్పండి, రాసుకుంటాం అనండి.

తేదీల విషయంలో పెద్దవాళ్లను రికార్డులో ఎదిరించకూడదు. సరిచూసుకునే పని మనది, అదీ తరువాత. దానికి ఈ ప్రాంతంలో గట్టి గుర్తులు చాలా ఉన్నాయి. కృష్ణ మీద పాత ఆనకట్ట 1855 నాటిది, 1952లో తెగింది. ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చింది. "ఆనకట్ట తెగిన ఏడు నా పెళ్లి" అన్నారంటే అంతకంటే నమ్మకమైన సాక్ష్యం ఉండదు. పొట్టి శ్రీరాములు గారు చనిపోయింది 1952 డిసెంబరు 15, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1, ఆ రోజుల్లో హైకోర్టు గుంటూరులో ఉండేది. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన 1955 డిసెంబరు 10, కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. వీటిని ఒక కాగితం మీద రాసి మీ దగ్గర ఉంచుకోండి, చెప్పేవాళ్లకు మాత్రం చూపించకండి. చూపిస్తే జ్ఞాపకం ఆ కాగితానికి సర్దుకుంటుంది.

తరచూ కలగాపులగమయ్యేవి కొన్ని. "నెహ్రూ గారి మాటలు బెజవాడ రేడియోలో విన్నాం" అని చాలామంది అనొచ్చు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న, అంటే ఆ అర్ధరాత్రి వింటే మద్రాసో ఢిల్లీయో విని ఉండాలి. తప్పు పట్టే బదులు ఆ రేడియో ఎవరింట్లో ఉండేది, కరెంటుదా బ్యాటరీదా, వినడానికి ఎంతమంది చేరారు అని అడగండి, అసలు విషయం అందులోంచే వస్తుంది. ఇంకొకటి: బెజవాడ, నందిగామ, జగ్గయ్యపేట వైపువాళ్లు "స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మిలటరీ లారీలు వెళ్లాయి" అంటే అది 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన హైదరాబాదు పోలీసు చర్య కావచ్చు, సైన్యం కదిలిన దారుల్లో బెజవాడ వైపుది ఒకటి. రెండూ ఒక ఏడాది తేడాతో జరిగాయి, మనసులో కలిసిపోవడం సహజం. ఇక 1947 ఆగస్టు 15 శుక్రవారం, సర్వజిత్తు నామ సంవత్సరం, శ్రావణమే కానీ అధిక శ్రావణం. వరలక్ష్మీ వ్రతం నిజ శ్రావణంలో, నెలాఖరుకు వచ్చింది. కాబట్టి "ఇంట్లో వరలక్ష్మీ పూజ, బయట జెండా" అని ఒకే ఊపిరిలో చెబితే రెండు వేర్వేరు రోజులు కలిశాయన్నమాట. రెండూ నిజమే, రెండూ రాసుకోవాలి.

వయసు కూడా సరిచూడండి. ఆధార్‌లోనో బడి సర్టిఫికెట్‌లోనో జులై 1 అని పుట్టినరోజు ఉంటే దాదాపుగా అది బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన తేదీయే. పెళ్లి, పెద్దబిడ్డ పుట్టుక, పుష్కరాలు, వరదలు, వీటితో కలిపి చూస్తే అసలు వయసు ఓ ఏడాది అటూ ఇటూగా తేలుతుంది.

ధరల గురించి చెప్పినప్పుడు కొలత ఏదో వెంటనే అడగండి. వీశె అంటే సుమారు 1.4 కిలోలు. కుంచానికి నాలుగు మానికలు. కానీ కుంచం ఊరూరికీ కొంచెం మారేది, అందుకే పాత కుంచం ఇంట్లో ఉంటే లీటరు సీసాతో నీళ్లు పోసి కొలిచి ఆ అంకె రాసుకోండి. "రూపాయికి ఇన్ని బియ్యం" అనే మాటకు అప్పటి కూలి ఎంతో తెలియకపోతే అర్థం లేదు. మగకూలి, ఆడకూలి రెండూ అడగాలి, డబ్బుగా ఇచ్చేవారా గింజలుగానా అన్నదీ అడగాలి.

ఆ తరువాతి దేశం సంగతి. "దేశం ఎలా ముందుకెళ్లింది?" అన్న ప్రశ్నకు తొంభై ఏళ్ల మామ్మగారు ఏం చెబుతారు! ఇంట్లోకి ఏది ఎప్పుడు వచ్చిందో అడగండి. మొదటి కరెంటు బల్బు ఏ గదిలో పెట్టారు? బ్యారేజి మీద రోడ్డు లేనప్పుడు గుంటూరు వైపు రైల్లో దాటేవారా, పడవలోనా, బల్లకట్టు మీదా? సాగర్ నీళ్లు వచ్చిన ఏడు పల్నాడు చేలో జొన్న మాని వరి వేసిందెవరు, భూమి పోగొట్టుకున్నదెవరు? తొలి ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె ఉండేది, పెట్టె మీద గుర్తు అతికించేవారు. మీరు ఏ గుర్తు పెట్టెలో వేశారో చెప్పనక్కర్లేదు, వేయడానికి ఎవరితో వెళ్లారో చెప్పండి. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది ఎప్పుడు, ఆ పొద్దున మిగిలిన సమయం దేనికి పోయింది? కుటుంబంలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల ఎవరు? పురోగతి అనే పెద్దమాట ఇలాంటి జవాబుల్లోంచే బయటికి వస్తుంది, దానితోపాటు అందనివాళ్ల సంగతీ వస్తుంది.

ఇక పరికరాలు. ఖరీదైన కెమెరా అక్కర్లేదు, మాట శుభ్రంగా వినపడితే చాలు. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. రికార్డింగ్ యాప్‌లో ఎంపీత్రీ కాక వేవ్ (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు రకం) ఎంచుకోండి, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో అయితే గంటకు 320 మెగాబైట్ల లోపే. కాలర్ మైకును గడ్డానికి జానెడు కింద పెట్టాలి. గంజి పెట్టిన పంచె, పట్టుచీర అంచు మైకుకు రాసుకుంటే గరగరలాడుతుంది, అందుకని మెత్తటి నూలుబట్ట మీద, గొలుసులకు తగలకుండా క్లిప్పు పెట్టండి. నవారు మంచం, పాత కుర్చీ కిర్రుమంటాయి. గోడకు ఆనించిన గట్టి కుర్చీ మేలు. వినికిడి యంత్రం, పళ్లసెట్టు ఉంటే పెట్టుకోమనండి. వినపడే చెవి వైపు, మీటరు దూరంలో కూర్చోండి.

అసలు శత్రువు సీలింగ్ ఫ్యాను. విజయవాడ మే నెలలో దాన్ని ఆపి పెద్దవాళ్లను కూర్చోబెట్టడం అమానుషం, ప్రమాదం కూడా. అందుకే డిసెంబరు, జనవరి నెలలు మంచివి. ఎండాకాలమే గతి అయితే ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య, టిఫినూ బీపీ మాత్రా అయ్యాక. కుక్కరు విజిలు, గోడగడియారం, పక్కింటి టీవీ, రైలు కూత ఉంటాయి. కూత పడితే ఆగి, ఆ వాక్యాన్ని మళ్లీ మెల్లిగా చెప్పించుకోండి. మొదట నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్లతో విని చూడందే ముందుకెళ్లకండి. కూర్చోబెట్టడం నలభై ఐదు నిమిషాలు, మహా అయితే గంట. అలిసిన గొంతు పాత కథలనే మళ్లీ చెబుతుంది.

ప్రతి రికార్డింగ్ మొదట్లో తేదీ, ఊరు, చెప్పేవారి పేరు, వయసు, అడిగేవారి పేరు చెప్పండి. అనుమతి మాటల్లోనూ తీసుకోండి, ఒక పేజీ తెలుగు కాగితం మీదా తీసుకోండి. అందులో మూడు గళ్లు చాలు: కుటుంబానికి మాత్రమే, గ్రంథాలయంలో వినడానికి, అందరికీ ఇంటర్నెట్‌లో. కొంత భాగం తీసేయమనే హక్కు వాళ్లదేనని రాయండి. పొలం తగాదాలు, ఫలానావాడు పోలీసులకు పట్టించాడు లాంటి మాటల్లో పేర్లు వస్తాయి. అసలు ఫైలులో ఉంచండి, బయటపెట్టే ప్రతిలో తీసేయండి.

ఎవరిని అడగాలన్నది కూడా ముఖ్యమే. స్వాతంత్ర్య సమరయోధులకు ప్రభుత్వం ఇచ్చిన తామ్రపత్రం ఉన్న ఇళ్లకే అందరూ వెళ్తారు. తెనాలిలో 1942 ఆగస్టు 12 కాల్పుల గురించి, పెదనందిపాడు పన్ను నిరాకరణ గురించి విన్నవాళ్లు వేరేచోట్లా ఉంటారు. బెజవాడ రైల్వే కాలనీల్లో, మంగళగిరి మగ్గాల దగ్గర, గుంటూరు పొగాకు బ్యారన్లలో ఆకు కట్టిన ఆడవాళ్లలో, మిర్చి యార్డులో బస్తాలు మోసినవాళ్లలో వెతకండి. వాళ్ల స్వాతంత్ర్యం కథ కొంచెం వేరేగా ఉంటుంది.

రికార్డయ్యాక గంట మాటను కాగితం మీద పెట్టడానికి ఐదారు గంటలు పడుతుంది. "వచ్చినారు", "పోయినాం", "ఏందయ్యా" అన్నవి అలాగే ఉంచండి, గ్రాంథికం చేయకండి. యంత్రంతో రాయిస్తే ఊళ్లపేర్లు, ఇంటిపేర్లు, అంకెలు ఎక్కువగా తప్పుతాయి. వాటిని వినే దిద్దాలి. వినపడని చోట ఊహించి నింపకుండా నిమిషం, సెకను వేసి ఖాళీ వదలండి. తేదీల్లో తేడా ఉంటే అడుగున వివరణగా రాయండి, వాక్యంలో వేలు పెట్టొద్దు. సరిచూడటానికి వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల సంచికలు ఉన్నాయి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక ఆనాటి ప్రతులు చూస్తే అనేక చిక్కులు విడిపోతాయి.

ఫైలును వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోవచ్చు, డాక్యుమెంటుగా పంపండి. మూడు ప్రతులు ఉంచండి: కంప్యూటర్లో ఒకటి, హార్డ్‌డిస్కులో ఒకటి, వేరే ఊళ్లోని బంధువుల దగ్గరో క్లౌడ్‌లోనో ఒకటి. ఏడాదికోసారి తెరిచి చూడండి, తెరుచుకోని ఫైలు ఉన్నా లేనట్టే. ఒక ప్రతిని పెన్‌డ్రైవులో పెట్టి ఆ ఇంటివాళ్లకు ఇవ్వండి, ఇచ్చేటప్పుడు వాళ్ల ముందే వినిపించండి. తమ మాట తాము విన్నాక పెద్దవాళ్లు ఏదో ఒకటి చేరుస్తారు, ఏదో ఒకటి వెనక్కి తీసుకుంటారు. అప్పుడు రికార్డరు చేతిలో ఉండాలి. ఆ రెండోదాన్ని మొదటిదానితో కలపకుండా వేరే తేదీతో వేరే ఫైలుగానే దాచాలి.