గేర్లు లేని బండి, పెద్ద డిక్కీ: యూరప్‌లో కారు అద్దెకు తీసుకున్న నా అనుభవం

అద్దె కార్ల సైట్లలో బండి ఫొటో కన్నా దాని పక్కన ఉండే నాలుగు అక్షరాలు ముఖ్యం. మేం తీసుకున్నదానికి ఐ, డబ్ల్యూ, ఏ, ఆర్ అని ఉంది. మొదటి అక్షరం బండి సైజు, రెండోది ఆకారం, మూడోది గేర్‌బాక్సు, నాలుగోది ఇంధనం, ఏసీ సంగతి. అంటే మధ్యరకం సైజు, స్టేషన్ వ్యాగన్ (పైకప్పు వెనకదాకా సాగి, పెద్ద డిక్కీ ఉండే కారు), ఆటోమేటిక్, ఏసీ ఉంది, పెట్రోలో డీజిలో చెప్పరు. ఫొటోలో స్కోడా ఆక్టేవియా కాంబి నిగనిగలాడుతూ ఉంటుంది గానీ కింద చిన్న అక్షరాల్లో "లేదా అలాంటిదే" అని రాసి ఉంటుంది. వాళ్లు మాట ఇచ్చేది ఆ అక్షరాలకే, ఫొటోకి కాదు.

మేం ఐదుగురం. నేను, మావారు, ఏడేళ్ల పాప, అత్తయ్య, మామయ్య. మ్యూనిక్‌లో దిగి ఆస్ట్రియా చుట్టి మళ్లీ మ్యూనిక్ రావాలి. బెంగళూరులో ఇలాంటప్పుడు ఎవరైనా ఇన్నోవా అంటారు. కానీ ఐదుగురికి ఏడు సీట్ల బండి దేనికి? మాకు కావాల్సింది సామానుకు చోటు. ఆక్టేవియా కాంబి డిక్కీ 640 లీటర్లు, అదీ వెనక సీట్లు మడవకుండా. పొడవు ఇంచుమించు 4.7 మీటర్లు, అంటే ఇన్నోవా క్రిస్టా అంతే. ఎత్తు మాత్రం మామూలు కారంతే కాబట్టి మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య ఎక్కి దిగడం సులువు. మన దేశంలో ఈ ఆకారం ఎందుకో నిలబడలేదు. 1990ల్లో టాటా ఎస్టేట్ వచ్చింది, 2000ల్లో స్కోడా ఇదే ఆక్టేవియా కాంబిని ఇక్కడా అమ్మింది. జనం డబ్బు పెట్టేది ఎత్తుగా కనిపించే బండికే.

ఆటోమేటిక్ దగ్గర ఇంట్లో కాస్త వాదన జరిగింది. అక్కడ మాన్యువల్ కన్నా దానికి అద్దె ఎక్కువ. "నువ్వు నేర్చుకుందే గేర్ల బండి కదా, మళ్లీ ఈ ఖర్చెందుకు?" అన్నారు మావారు. డ్రైవింగ్ నాది, అవుటర్ రింగ్ రోడ్డు మీద రోజూ నలిగేదీ నేనే, కాబట్టి నిర్ణయం కూడా నాదే అన్నాను. స్టీరింగ్ ఎడమవైపుకి వెళ్తుంది, గేరు కుడిచేతికి వస్తుంది, రోడ్డు కుడివైపుకి మారుతుంది. ఈ మూడూ ఒకేసారి మారినప్పుడు కనీసం ఒకటైనా తగ్గించుకోవడం సోకు కాదు, అవసరం. మామయ్య నా పక్షం చేరారు. ఆయన ఓటు ఎప్పుడూ భద్రతకే.

అసలు పని లైసెన్సు దగ్గర మొదలైంది. నా లైసెన్సు ఒంగోలుది, పెళ్లికి ముందు తీసుకున్నది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అందరూ ఐడీపీ అంటారు, మనం ఉంటున్న చోటి ఆర్టీవో ఇవ్వాలి. అందుకని ముందు లైసెన్సులో అడ్రసు బెంగళూరుకి మార్పించాలి. దానికి తోడు మన తెలుగువాళ్లకే ప్రత్యేకమైన ఇంటిపేరు గొడవ. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందు కూర్చుంది. పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి చివర పెట్టారు. క్రెడిట్ కార్డు మీద ఇంటిపేరే లేదు. అద్దె కౌంటర్లో ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఐడీపీలో పేరు లైసెన్సులో ఉన్నట్టే వస్తుంది కాబట్టి, అడ్రసుతో పాటు పేరు కూడా పాస్‌పోర్టులో ఉన్నట్టు మార్చమని పెట్టాను. బ్యాంకుకి చెప్పి కార్డూ మార్పించాను. విసుగొచ్చే పనే. కానీ విమానాశ్రయం కౌంటర్ దగ్గర పిల్లతో, పెద్దవాళ్లతో నిలబడి మన ఇంటిపేర్ల సంప్రదాయం జర్మన్ అమ్మాయికి వివరించడం కన్నా నయం.

ఐడీపీకి దరఖాస్తు కేంద్ర రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సైట్‌లోనే. ఫారం 4ఏ, పాస్‌పోర్టు, టికెట్, వెయ్యి రూపాయల ఫీజు. డాక్టరు సర్టిఫికెట్, వీసా కూడా కావాలన్న షరతు 2021లో తీసేశారు. అయినా చిక్కు వీసాతోనే. అది వచ్చేది ప్రయాణం ముంచుకొస్తున్నప్పుడే. అందుకే అడ్రసు, పేరు మార్పులు వీసాకి పెట్టకముందే ముగించుకోవాలి, కారు బుకింగ్ ఉచితంగా రద్దు చేసుకునే రకమే తీసుకోవాలి. ఆర్టీవోలో పని అనుకున్నంత కష్టం కాలేదు. పర్మిట్ ఏడాది పాటు చెల్లుతుంది, ఈలోగా అసలు లైసెన్సు గడువు తీరితే దీనికీ అక్కడితో సరి. 2022లో దేశమంతా ఒకే నమూనా తెచ్చారు, క్యూఆర్ కోడ్‌తో లైసెన్సుకి ముడిపెట్టారు. ఐడీపీ ఒక్కటే పట్టుకెళ్తే చాలదు, అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి.

సాధన గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. నా బండి హోండా సీవీటీ, అంటే మెట్లు మెట్లుగా గేర్లు మారని ఆటోమేటిక్. మన దగ్గర జపాన్, కొరియా కార్లకు ఇండికేటర్ కాడ కుడివైపు, యూరప్ కార్లకు ఎడమవైపు. అందుకని ఒక ఆదివారం సెల్ఫ్ డ్రైవ్ వాళ్ల దగ్గర నల్ల నంబరుప్లేటు స్కోడా స్లావియా 1.5 తీసుకుని బెంగళూరు శివార్లలోని నైస్ రోడ్డెక్కాను. అందులో ఉన్నది డీఎస్జీ అనే ఏడు గేర్ల ఆటోమేటిక్. సీవీటీలా జారదు, లోపల నిజంగానే గేర్లు మారతాయి. రెండు క్లచ్చులుంటాయి, ఒకటి పనిచేస్తుంటే రెండోది తర్వాతి గేరు పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. బ్రేకు వదిలాక బండి కదలడానికి అర క్షణం తటపటాయిస్తుంది, ఆ తటపటాయింపు పార్కింగ్‌లో తెలుస్తుంది. ఇండికేటర్ బదులు వైపర్ ఆడించే అలవాటంతా ఆ రోజే కనకపుర వైపు వదిలించుకొచ్చాను.

మ్యూనిక్ కౌంటర్లో ఆ అమ్మాయి నవ్వుతూ, అదే ధరకి ఎస్‌యూవీ ఇస్తాను, అప్‌గ్రేడ్ అంది. మావారి కళ్లు మెరిశాయి. డిక్కీ ఎంత అని అడిగాను. ఆవిడకి తెలియదు. నాలుగు పెద్ద సూట్‌కేసులు, కుక్కరు, పచ్చళ్ల సంచీ చూపించి వ్యాగనే కావాలన్నాను. కాసేపు కంప్యూటర్లో వెతికి నిజంగానే ఆక్టేవియా తాళం ఇచ్చింది. సూట్‌కేసులన్నీ పట్టాయి, పచ్చళ్లు మాత్రం అత్తయ్య ఒళ్లోనే ప్రయాణం చేశాయి. వాటిని ఆవిడ ఏ డిక్కీకీ అప్పగించరు.

పాపకి బూస్టర్ సీటు తప్పనిసరి. జర్మనీలో పన్నెండేళ్లు నిండాలి లేదా ఎత్తు 150 సెంటీమీటర్లు దాటాలి, అంతవరకూ ఆ సీటు ఉండాల్సిందే. దాన్ని ముందే బుక్ చేశాం. ఆస్ట్రియాలోకి వెళ్తామని కౌంటర్లో చెప్పి కాగితం మీద రాయించాం. బండి కదిలించే ముందు చుట్టూ తిరిగి గీతలన్నీ వీడియో తీశాం. ట్రయాంగిల్, మెరిసే జాకెట్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉన్నాయో లేదో చూశాం, అక్కడ అవి బండిలో ఉండి తీరాలి.

ఆక్టేవియాలో గేరు కర్ర ఉండదు. వేలెడంత మీట, దాని పక్కన పార్కింగ్‌కి బటను. కుడిచేతికి పనేమీ లేదు కాబట్టి నా దృష్టంతా రోడ్డు మీదే ఉంది. మామయ్య పక్క సీట్లో కూర్చుని ప్రతి మలుపు దగ్గరా "కుడి, కుడి" అని స్తోత్రంలా చదివారు. హైవే కన్నా ఊళ్లలో వీధులే కష్టం. బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే ముందు హక్కు, అది ఎంత చిన్న సందైనా సరే. హారన్ కొట్టి దూరే అలవాటున్నవాళ్లకి ఇది పెద్ద పరీక్ష. ఆటోబాన్ అనే జర్మనీ హైవే మీద ఎడమ లేన్ ముందు బండిని దాటడానికే, కుడివైపు నుంచి దాటకూడదు. వేగానికి హద్దు లేని చోట కూడా 130 అని ఒక సలహా వేగం ఉంది, నాకు అదే ఎక్కువ. మ్యూనిక్ నుంచి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ సుమారు 145 కిలోమీటర్లు. సరిహద్దుకు ముందే పెట్రోలు బంకులో ఆస్ట్రియా టోల్ స్టిక్కరు కొని అద్దానికి అంటించాం.

డబ్బు సంగతి. డిపాజిట్‌కి డ్రైవరు పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలన్నారు, ముందే విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు చూపిస్తే పక్కన పెట్టేశారు. మన కార్డుల్లో విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి, 2020 నుంచి ఆర్బీఐ నిబంధన అది. వాళ్లు కార్డు మీద మొత్తాన్ని హోల్డ్‌లో పెడతారు, బండి తిరిగిచ్చాక వదిలేస్తారు. అంతవరకూ ఆ మేరకు లిమిట్ లేనట్టే, కాబట్టి హోటళ్లకి ఇంకో కార్డు ఉంచుకోండి. ఫుల్ ట్యాంకుతో తిరిగిచ్చి, బంకు రసీదు ఫొటో తీసి పెట్టుకున్నాం. మా హోల్డ్ బెంగళూరు వచ్చాక గానీ తీయలేదు. రసీదు, వీడియో జతచేసి ఒక మెయిల్ పెట్టాక వదిలారు.