పొదలకూరు నుంచి నంది హిల్స్ వైన్ టూర్‌కి: నా అనుభవం

వైన్ టూర్‌కి పోయొచ్చినా అంటే మా పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో నన్ను అదోలా చూసినారు. ఒకాయనైతే "ఏందన్నా, మందు తాగేదానికి కూడా టూర్లు పెడతన్నారా" అని పకపకా నవ్వినాడు. అందుకే మొత్తం రాస్తన్నా, ఎట్టా బుక్ చేసుకోవాల, ఆడ ఏం చూపిస్తారు, తాగనోడు పోతే ఏం చేస్తాడు అనేది. నేను తాగే మనిషిని కాదు, నాకుండేది నిమ్మతోట, కాబట్టి ఇది తోట చూసొచ్చినోడి మాటలే అనుకోండి, వైన్ రుచుల గురించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

వైన్ అంటే అందరూ నాసిక్ అంటారు. బెంగళూరు పక్కనే నంది హిల్స్ కింద, దొడ్డబళ్లాపుర చుట్టుపక్కల కూడా వైన్ తోటలున్నాయని మనోళ్లలో బో తక్కువ మందికి తెలుసు. ఆడ బెంగళూరు బ్లూ అనే నల్ల ద్రాక్ష ఎప్పట్నించో పండిస్తా ఉన్నారంట, దానికి 2013లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ప్రాంతం పంటే అనే గుర్తింపు, కూడా వచ్చింది. కానీ అసలు వైన్ కోసమే ఫ్రాన్స్ రకాలు తెచ్చి నాటింది కన్వల్ గ్రోవర్ అనే ఆయన, 1988లో కంపెనీ పెట్టి. మిషెల్ రోలాండ్ అని ఫ్రాన్స్‌లో బాగా పేరున్న వైన్ నిపుణుడు ఈ దొడ్డబళ్లాపుర తోటలకి సలహాదారుగా పనిచేసినాడంటే నేను ముందు నమ్మలా.

మా బావమరిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్. "నువ్వు తాగకపోతే మానె బావా, తోట చూద్దువు రా" అని వాడే బుక్ చేసినాడు. ఇందులో రెండు రకాలుంటాయి. వైనరీ గేటు కాడికే పోయి టికెట్ తీసుకుంటే గంట, గంటన్నరలో ట్యాంకులు చూపించి నాలుగైదు రకాలు రుచి చూపించి పంపిస్తారు. రెండోది చిన్న గ్రూపు టూర్, పది మందికి లోపే, సిటీలో వ్యాన్ ఎక్కించుకుని తోట, వైనరీ, టేస్టింగ్, భోజనం అన్నీ కలిపి సాయంత్రానికి దించేస్తారు. మేము రెండోది తీసుకున్నాం. బుక్ చేసే ముందు వాట్సాప్‌లో అడగాల్సింది ఏందంటే, తోటలో నడిపిస్తారా లేకపోతే దూరం నుంచి చూపించి ఏసీ రూములోకి తీసుకుపోతారా, కోతలు జరగతా ఉన్నాయా అయిపోయినాయా, తాగనోళ్లకి రేటు తగ్గుతదా, భోజనంలో వెజ్ ఉంటదా. మేము బుక్ చేసిన టూర్ వాళ్లు అన్నిటికీ ఎస్ సార్ ఎస్ సార్ అన్నారు. తాగనోళ్ల రేటు మాత్రం తగ్గించలా, మా ఆవిడకి ద్రాక్షరసం ఇచ్చి పూర్తి డబ్బులు పట్టినారు.

నెల్లూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి బెంగళూరు, అందులో చెప్పేదేం లేదు. కాకపోతే మా ఆవిడ ఒక మెలిక పెట్టింది. అటు పక్కనే ఘాటి సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది, వైన్ వాసన తగిలినాక గుడికి వచ్చేది లేదు, ముందు దర్శనం అయితేనే అని. టూర్ వ్యాన్ గుడికి పోదుగా, అందుకని మేము మావోడి కార్లో పొద్దున్నే గుడికి పోయి, గ్రూపుని తోట గేటు కాడ కలుసుకుంటామని చెప్పినాం, ఒప్పుకున్నారు. ఆ గుళ్లో సుబ్రహ్మణ్యస్వామి తూర్పు ముఖం, అదే విగ్రహానికి వెనక పక్క లక్ష్మీనరసింహస్వామి పడమర ముఖం, వెనక ఉండే స్వామిని అద్దంలో చూడాల. టైం ఉంటే ముద్దేనహళ్లి కూడా పోవచ్చు, విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఆయన పెద్దోళ్లు మన గిద్దలూరు వైపు మోక్షగుండం నుంచి పోయినోళ్లే కదా, అందుకే పేరు ముందు ఆ మోక్షగుండం. మాకు టైం చాలలా.

ఇంక తోట. మేము పోయింది ఫిబ్రవరిలో, కోతలు నడస్తా ఉన్నాయి. ఎవరన్నా పోవాలనుకుంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పోండి, మిగతా నెలల్లో ఆకులు చూసి రావాల్సిందే. పాతకాలంలో హైదరాబాద్ చుట్టూ పందిళ్ల మీద అనాబెషాహి ద్రాక్ష పెంచేవాళ్లే, అట్టాంటి పందిరి ఈడ ఉండదు. వరసగా రాళ్లు పాతి ఇనప తీగలు లాగి, ద్రాక్ష తీగెని నిలువుగా పైకి కడతారు, గెలలన్నీ నడుము ఎత్తులో ఒకే లైన్లో ఏలాడతా ఉంటాయి. గెల చూస్తే ఇంతేనా అనిపిస్తది. కాయ శనగ్గింజ కన్నా కాస్త పెద్దది, తోలు మందం, లోపల గింజలు, గుజ్జు రవ్వంత. నోట్లో వేసుకుంటే మాత్రం తీపి గొంతుకి అంటుకుంటది, మనం బండి మీద కొనుక్కునే ద్రాక్ష దీని ముందు చప్పగా ఉంటది.

గైడ్ అమ్మాయి ఇంగ్లీషులో గ్రూపుకి ఏదో చెప్తా ఉంది, నేను వెనకబడి తోట సూపర్వైజర్‌ని పట్టుకున్నా. పెద్దాయన, గౌరిబిదనూరు పక్క ఊరు, ఇంట్లో తెలుగే మాట్లాడతారంట. నాది నిమ్మతోట అని చెప్పంగానే మనిషి మారిపోయినాడు, జేబులోంచి రిఫ్రాక్టోమీటర్, అదే రసంలో తీపి కొలిచే చిన్న గొట్టం, తీసి ఒక కాయ నలిపి చుక్క రసం అద్దం మీద వేసి నా చేతికిచ్చినాడు. ఎండకి ఎదురుగా పెట్టి కంటికి ఆనించి చూస్తే లోపల స్కేలు, పైన నీలం, కింద తెలుపు, ఆ రెండూ కలిసే గీత ఎక్కడుంటే అంత బ్రిక్స్, అంటే రసంలో చక్కెర శాతం లెక్క. నేను చూసింది 23 కాడ ఉండాది. 22 నుంచి 24 మధ్యలో వస్తే కోత కోసేస్తారంట, ఆ చక్కెరే ఈస్టు తిని ఆల్కహాల్ అవుతది, 12 నుంచి 14 శాతం దాకా. చక్కెర ఎక్కువైతే మందు ఘాటు, తక్కువైతే నీళ్లు. పులుపు కూడా చూస్తారు, తీపి పెరిగేకొద్దీ పులుపు పడిపోతా ఉంటదిగా.

ఫ్రాన్స్‌లో చలికి చెట్టు ఆకు రాల్చి నిద్రపోతది, ఎండలకి లేస్తది, దాని పని అదే చేసుకుంటది. ఈడ చెట్టుకి నిద్రే లేదు. అందుకని ఏప్రిల్లో ఒకసారి మొత్తం కత్తిరించి కొత్త కొమ్మలు తెప్పిస్తారు, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి కత్తిరిస్తే అప్పుడు వచ్చేది కాపు. రెండు కత్తిరింపులు, ఒక్క కాపు. మేము నిమ్మలో వేసవి కాపు కోసం నీళ్లు ఆపి చెట్టుని వాడగొట్టి పూత తెప్పించుకునేది కూడా ఇదే లెక్క, మనక్కావాల్సిన నెలలో కాయ రావాలంటే చెట్టుని సతాయించాల్సిందే. మధ్యలో వాన పడితే మా పూత పోతది, కోత ముందు వాన పడితే వీళ్ల కాయ పగలతది.

తెగుళ్లకి ఏం కొడతారన్నా అని అడిగితే "ఇంకేముంది, బోర్డో" అన్నాడు. మైలుతుత్తం కిలో, సున్నం కిలో, వంద లీటర్ల నీళ్లు, నేను చిన్నప్పట్నించి మా నాయన కలపతా ఉంటే చూసిందే, నిమ్మచెట్టు మొదళ్లకి బంక తెగులు రాకుండా పేస్టు చేసి పూస్తాం. అది పుట్టిందే వైన్ తోటల్లో అని ఆయన చెప్పిందాకా నాకు తెలీదు. ఫ్రాన్స్‌లో బోర్డో అనే ప్రాంతంలో, దారిన పోయేవాళ్లు గెలలు తెంపుకుని తింటన్నారని రోడ్డు పక్క వరసలకి మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్లంట, నీలంగా మరకలు పడితే విషం అనుకుని ఎవరూ ముట్టుకోరని. ఆ ఏళ్లలో అమెరికా నుంచి వచ్చిన బూజు తెగులు తోటలకి తోటలే ఊడ్చేస్తా ఉంటే, ఈ రోడ్డు పక్క చెట్లకి మాత్రం ఆకు పచ్చగా ఉంది. మిలార్డే అనే ప్రొఫెసర్ అది గమనించి, పరీక్షలు చేసి 1885లో బయటపెట్టినాడు. దొంగల కోసం చల్లింది తెగులు మందు అయింది. టికెట్ డబ్బులు నాకు ఆడికే వసూలైపోయినాయి.

ఇంకా ఉండేవాడినే, కానీ గైడ్ విజిల్ వేసినట్టు పిలవడం మొదలుపెట్టింది, లేట్ అవతంది సార్ అని. చిన్న గ్రూపు అని డబ్బులు తీసుకున్నోళ్లు ఇంకో వ్యాన్ జనాన్ని కూడా మాలో కలిపేసినారు, దాంతో తోటలో గంట అన్నది అరగంట అయింది, లోపల ట్యాంకుల కాడ వెనక నిలబడినోళ్లకి ఒక్క ముక్క వినపడలా. బావమరిది గట్టిగా అడిగితే సారీ సార్ వీకెండ్ రష్ అన్నారు. వారం మధ్యలో పోండి, అదొక్కటే మందు.

లోపల స్టీలు ట్యాంకులు, చల్లగా, పులిసిన వాసన. తెల్ల వైన్‌కి కాయని ముందే పిండి తోలు తీసేసి రసం ఒక్కదాన్నే చల్లగా పులియబెడతారు. ఎర్రదానికి తోలుతో సహా. నల్ల ద్రాక్షలో కూడా రసం తెల్లగానే ఉంటదని, ఎరుపంతా తోల్లోంచి వస్తదని అప్పుడు తెలిసింది. పులిసేటప్పుడు గ్యాస్‌కి తోళ్లన్నీ పైకి తేలి గట్టిగా కడతాయి, అందుకని అడుగు రసాన్ని పంపుతో పైకి తోడి ఆ తోళ్ల మీద పోస్తా ఉండాల రోజూ. ఆ తర్వాత కొన్నిటిని ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన పీపాల్లో నింపుతారు, ఒక్కోటి 225 లీటర్లు, ఫ్రాన్స్ నుంచి తెప్పించినవి.

టేస్టింగ్ కాడ ఆధార్ చూసినారు. తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత. గ్లాసుని కింద సన్నగా ఉండే కాడతో పట్టుకుని తిప్పి, వాసన చూసి, రవ్వంత తాగి నోరంతా తిప్పి, ఇష్టం లేకపోతే పక్కన బకెట్లో ఉమ్మేయొచ్చు. డబ్బులిచ్చి ఉమ్మేదేందని ఎవరూ ఉమ్మలా, నేనొక్కడినే ఉమ్మినా, నాకే సిగ్గేసింది. సావిన్యో బ్లాంక్ అని తెల్లది ఇచ్చి ఏం వాసన వస్తంది అంటే ఒకరు జామకాయ అన్నారు, ఒకరు క్యాప్సికం అన్నారు. నాకైతే లేత నిమ్మాకు నలిపిన వాసనే వచ్చింది. అదే మాట చెప్తే గైడ్ రాసుకునింది. కాబెర్నే అని ఎర్రది నాలుక మీద వగరు, తోలు గింజల్లోంచి వచ్చే టానిన్ అంట అది. మావోడు ఊరుకోకుండా "మా నెల్లూరు చేపల పులుసుకి ఏది బాగుంటదండీ" అని అడిగినాడు. ఎర్రది వద్దంది, వగరు మీద కారం తగిలితే నోరు ఇంకా మండతదంట, పులుపుకి పులుపుండే తెల్లదే, చల్లగా. మాటకి అర్థం ఉంది.

భోజనం మాత్రం మనకి ఆనదు. చీజ్ ముక్కలు, బిస్కెట్లు, పాస్తా. మా ఆవిడ ముందే అనుకుని గుడి కాడ ఇడ్లీ కట్టించుకొచ్చింది, కార్లో కూర్చుని తిన్నాం. పొద్దున కడుపు నిండా తినకుండా టేస్టింగ్‌కి పోవద్దు, ఒకాయన ఖాళీ కడుపుతో వచ్చి మధ్యాహ్నమంతా వ్యాన్లో పడుకున్నాడు.

తింటా ఉంటే సూపర్వైజర్ మళ్లీ కనపడినాడు. సొంత తోట కాకుండా చుట్టుపక్కల రైతులతో ఒప్పందం ఉంటదంట, సీజన్ ముందే కిలోకి ఇంత అని, చక్కెర శాతాన్ని బట్టి. కోత తేదీ కంపెనీ చెప్తది. మాకు బస్తా మార్కెట్లో దించి వేలం అయినాకే రేటు తెలిసేది, ఎండల్లో ఎగరతది, వానల్లో కోత కూలి కూడా రాదు. ఆ ఒప్పందం బానే ఉంది గదా అన్నా. "బానే ఉంటది, కానీ ఆ కాయని ఇంకెవరు కొంటారు, తినేదానికి పనికిరాదుగా, వాళ్లు వద్దంటే అంతే" అన్నాడు.

షాపులో బాటిళ్లు కొనమని బాగా ఒత్తిడి చేస్తారు, మొహమాటపడొద్దు. పక్క రాష్ట్రం బాటిల్ పర్మిట్ లేకుండా మన రాష్ట్రంలోకి తేకూడదు, బస్సులో బ్యాగులు తెరిపిస్తే లేనిపోని తలనొప్పి, అందుకని బావమరిది కొన్న రెండూ వాళ్లింటి ఫ్రిజ్‌లోనే ఉండిపోయినాయి. తెరిస్తే రెండు మూడు రోజుల్లో అయిపోగొట్టాలంట, లేకపోతే రుచి చెడతది. కత్తిరింపులప్పుడు సెప్టెంబరులో రమ్మన్నాడు సూపర్వైజర్, అప్పుడు జనం ఉండరు, నిదానంగా చూపిస్తానని. ఆ నెల మా తోటలో కూడా పనులే, కూలోళ్లు దొరికేదాన్ని బట్టి చూడాల.