లైబ్రరీ కార్డు, పచ్చ సంతకం, మాలపల్లి

మొత్తానికి మాలపల్లి నా చేతికొచ్చింది. నిన్న సాయంత్రం తెచ్చుకుని రాత్రి చాలాసేపు చదివాను. ఈ పుస్తకం ఇంటికి రావడానికి పడ్డ పాట్లు చల్లారకముందే రాసేస్తే నాకూ కడుపుబ్బరం తగ్గుతుంది, మీలో ఎవరికైనా పనికొచ్చినా వస్తుంది.

మాది గుంటూరు జిల్లా. జిరాక్స్ షాపు నాది. ఊళ్ళో సగం మంది అప్లికేషన్లు నా చేతి మీదుగానే నిండుతాయి. కుల ధ్రువీకరణ అయినా పెన్షన్ అయినా, ఏ కాయితం వెనక ఏది పెట్టాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. గిరాకీ లేనప్పుడు కౌంటర్ వెనక కూర్చుని నవలలు చదువుకుంటాను. మొన్న సంక్రాంతికి ముందు బెజవాడ పుస్తకాల పండగలో గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర కొని, వారంలో పూర్తి చేశాను. సీతారామారావుని తిట్టుకుంటూనే చదివాను, ఆపబుద్ధి కాలేదు. ఆ ఊపులో ఇంకా వెనక్కి వెళ్ళి ఉన్నవ లక్ష్మీనారాయణ గారి నవల మాలపల్లి చదవాలనిపించింది. నెట్‌లో స్కాన్ కాపీ ఉందిగా అంటారేమో. ఉంది. ఫోన్‌లో ఆ మసక అచ్చు చదివితే పది పేజీలకే కళ్ళు లాగుతున్నాయి.

మా శాఖా గ్రంథాలయంలో ఉంటుందని వెళ్ళి అడిగాను. ఉంది, కానీ ఇంటికివ్వాలంటే సభ్యత్వం కావాలన్నారు. ఫారం ఇచ్చారు, నింపాను. ఫోటోలు, ఆధార్ జిరాక్స్ నాకొక లెక్కా? డిపాజిట్ కూడా చిన్న మొత్తమే, అక్కడికక్కడే కట్టేశాను. అప్పుడు ఇన్‌ఛార్జి గారు ఫారం అడుగున గళ్ళ మీద వేలు పెట్టి, “ఇక్కడ గెజిటెడ్ ఆఫీసరు హామీ సంతకం, స్టాంపు” అన్నారు.

ఇక్కడే నా పరువు పోయింది.

ఒక ఆఫీసుకి వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను, మళ్ళీ వాళ్ళతోనే పని పడుతుంది. గుమ్మం దగ్గర అటెండరు, “దేనికి బాబాయ్ సంతకం?” అన్నాడు. లైబ్రరీ కార్డుకి అన్నాను. “మీవాడు గ్రూప్స్‌కి చదువుతున్నాడా?” అన్నాడు. నాకే అన్నాను. వాడు నన్ను కిందికీ పైకీ చూసి బెంచీ చూపించాడు. నా తర్వాత వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళి వస్తున్నారు, నేను ఆ బెంచీ మీదే. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక లోపలికి పిలిచారు. అప్పటికి గదిలో ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు, అందులో ఇద్దరు నా షాపుకి రోజూ వచ్చేవాళ్ళే.

ఆ సారు ఫారం పైకెత్తి పట్టుకుని అందరికీ వినపడేలా, “నవలలకా! ఇంట్లో టీవీ లేదా ఏందయ్యా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ పళ్ళికిలించాను, ఏం చేస్తాను? “నువ్వు పుస్తకం పోగొడితే నా జీతంలో కోస్తారు. నువ్వెవరో నాకేం తెలుసు?” అని ఫారం బల్ల మీద నా వైపు తోశాడు. అది కాస్తా జారి కింద పడింది. ఎవరూ వంగలేదు, నేనే వంగి తీసుకున్నాను. ఆయన ఆఫీసు నుంచి రోజుకి ఎన్ని కాయితాలు నా షాపులో జిరాక్స్ అవుతాయో, నేనెవరో ఆయనకి తెలియదట!

అసలు ఆ గ్రంథాలయం ఎవరి డబ్బుతో నడుస్తోంది? మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని ఒక వరస ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి చట్టం అది. ఏటా కడుతున్నాను. కట్టేటప్పుడు ఎవడి హామీ అక్కర్లేదు, పుస్తకం తెచ్చుకోవాలంటే మాత్రం కావాలి. ఈ జిల్లాలోనే 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. గట్టు మీద నిలబడ్డవాళ్ళకి పుస్తకాలు ఇచ్చారు. వాళ్ళ మనవలం మనం, బెంచీల మీద కూర్చుంటున్నాం.

సరే, కోపం పక్కన పెడతాను. సంతకం పెట్టింది పశువుల డాక్టరు. ఆయన కూడా గెజిటెడేనని ఇన్‌ఛార్జి గారే చెవిలో వేశారు. వెళ్ళేసరికి ఆయన భుజం దాకా ప్లాస్టిక్ గ్లౌజు తొడుక్కుని ఒక గేదెకి చూడి పరీక్ష చేస్తున్నారు. నేను చేతిలో ఫారం పట్టుకుని గేదె తల దగ్గర నిలబడ్డాను. “మూడో నెల” అని రైతుకి చెప్పి, గ్లౌజు తీసి, చెయ్యి కడుక్కుని, గేదెని కట్టే ఇనప బోను మీదే ఫారం ఆనించి పచ్చ ఇంకుతో సంతకం చేశారు. “స్టాంపు లోపలుంది, కాంపౌండర్ని అడగండి” అన్నారు. అంతే. ఏ నవలో కూడా అడగలేదు.

కాబట్టి నా సలహా, ఏసీ గది ఉన్న ఆఫీసు దరిదాపులకి పోకండి. పశువుల ఆసుపత్రి, లేదంటే గవర్నమెంటు జూనియర్ కాలేజీ లెక్చరర్లు. వాళ్ళకి గేదెలతోనో పిల్లలతోనో సరిపోతుంది, మన మీద దర్పం చూపించే తీరిక ఉండదు. గ్రంథాలయానికి ఉదయం ఎనిమిదింటికే వెళ్ళండి, పదకొండు దాటితే తాళం, మళ్ళీ నాలుగింటికే. ఫ్యాను కింద కుర్చీ మీద ఆశ పెట్టుకోవద్దు, అది కానిస్టేబుల్ పరీక్షకి చదివే కుర్రాళ్ళది.

పుస్తకం వెనక తేదీల చీటీ మీద ఆఖరి ముద్ర 2003 నాటిది. ఉన్నవ వారు జైల్లో కూర్చుని రాసిన నవల ఇది. 1922లో అచ్చయితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పుడు దొరలు దొరకనివ్వలేదు, ఇప్పుడు బీరువా తాళంచెవి దొరకదు. ప్రస్తుతం మంగళాపురంలో రామదాసు ఇంటి దగ్గరున్నాను. ఆయన కొడుకు సంగదాసుకి ఏమవుతుందో ముందే విన్నాను కాబట్టి భూస్వామి చౌదరయ్య కనిపించినప్పుడల్లా గుండె గుబులుగా ఉంటోంది. పల్లె మాట రాసిన చోట పేజీలు పరిగెడుతున్నాయి, ఉపన్యాసాలు వచ్చినప్పుడు మాత్రం కునుకు పడుతోంది.

గడువు రెండు వారాలు, అయ్యాక పొడిగించుకోవచ్చట. తర్వాత అడివి బాపిరాజు నారాయణరావు, ఆ వెంటనే విశ్వనాథ వేయిపడగలు. రెండూ ఆంధ్ర విశ్వకళా పరిషత్తు, అంటే ఆంధ్రా యూనివర్సిటీ, బహుమతి పంచుకున్న నవలలు కదా, ఒకదాని మీద ఒకటి చదివి నా తీర్పు నేనిచ్చుకోవాలని. నారాయణరావు అదే బీరువాలో పై అరలో చూశాను, అట్ట ఊడిపోయి పురికొసతో కట్టి ఉంది. వేయిపడగలు రిజిస్టరులో ఉంది గానీ అరలో లేదు. ఎవరు పట్టుకెళ్ళారో వెతికి చెబుతానని ఇన్‌ఛార్జి గారు పాత రిజిస్టరు తిరగేస్తున్నారు. పట్టుకెళ్ళింది ఆ బల్ల వెనక సారే అయ్యుండాలని నా కోరిక.