షాక్ ప్రయోగానికి అనుమతి: ఫారం-బి నింపిన అనుభవం

విజయనగరంలోని ఒక ఫార్మసీ కళాశాలలో ఎం.ఫార్మసీ పరిశోధన మొదలుపెట్టినప్పుడు, ఎలుకను ముట్టుకోవడానికి ముందే నాకు ఎదురైనది ఫారం-బి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద సాగే నియంత్రణలో భాగంగా, కళాశాల జంతు నైతిక సంఘానికి ఇవ్వవలసిన దరఖాస్తు అది.

మా పరిశోధనలో రెండు భాగాలు: ఒకటి వాపు, రెండవది షాక్, అంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయే స్థితి. వాపు భాగం గురించి పెద్దగా రాయవలసి రాలేదు. ఎలుక పాదంలోకి కారాజీనన్ అనే, వాపు పుట్టించే సముద్రపు నాచు పదార్థపు 1 శాతం ద్రావణాన్ని 0.1 మి.లీ. ఎక్కించి వాపు కొలిచే పద్ధతి 1962 నుంచి వాడుకలో ఉంది. మొదట హిస్టమిన్, సెరటోనిన్, ఆ తరువాతి గంటల్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే శరీర రసాయనాలు ఆ వాపును నడుపుతాయని సంఘంలో అందరికీ తెలుసు.

షాక్ భాగం అలా కాదు. బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థమైన ఎండోటాక్సిన్ ఇచ్చి, రక్తపోటు పడిపోయే వేళకు రక్తనాళాలను బిగించే థ్రాంబాక్సేన్, వాటిని సడలించే ప్రోస్టాసైక్లిన్ ఎంత పెరుగుతాయో చూడాలన్నది మా ఉద్దేశం. ఎలుకే ఎందుకు అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. షాక్‌లో పాత్ర ఉన్న, ప్లేట్‌లెట్లను ప్రేరేపించే ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్ అనే రసాయనానికి ఎలుక ప్లేట్‌లెట్లు స్పందించవు. పైగా ఎలుక ఎండోటాక్సిన్‌ను మనిషికన్నా ఎంతో ఎక్కువగా తట్టుకుంటుంది. ఆ ఫ్యాక్టర్‌ను అడ్డుకొనే మందులు జంతువులలో మంచి ఫలితమిచ్చి, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) రోగులలో మరణాలను తగ్గించలేకపోయిన సంగతి కూడా దాచకుండా రాసి, మా ఫలితాన్ని రక్తనాళాల ప్రతిస్పందన వరకే చదువుతామని స్పష్టం చేశాను. దరఖాస్తులో నాకు బాగా నచ్చిన వాక్యం అదే.

జంతువుల సంఖ్యను సమర్థించుకోవడం రక్తం తీసే తీరు దాకా వెళ్లింది. థ్రాంబాక్సేన్ ఏ2 అర్ధాయుష్షు సుమారు 30 సెకన్లే కనుక దాని నిలకడైన రూపమైన బీ2ను కొలవాలి. కాని తీసిన రక్తంలోని ప్లేట్‌లెట్లు గొట్టంలో కూడా దానిని తయారుచేస్తూనే ఉంటాయి. గొట్టంలో ముందే ఆ తయారీని ఆపే ఇండోమెథాసిన్ అనే మందు లేకపోతే ఆ నమూనా, దానితోపాటు ఆ ఎలుక ప్రాణం, వృథా.

సమావేశంలో శాస్త్రరంగానికి చెందని సభ్యురాలు, ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, "బాబూ, అది చనిపోయేదాకా చూస్తూ కూర్చుంటారా?" అని అడిగారు. "లేదమ్మా, మత్తు ఇచ్చాక దానికి మళ్లీ మెలకువ రానివ్వం, రక్తం తీశాక ఆ మత్తులోనే ముగిస్తాం" అని చెప్పాను. పశువైద్యుడు వెంటనే అందుకొని, మత్తుమందు కూడా రక్తపోటును తగ్గిస్తుంది కదా అన్నారు. నిజమే, మత్తు మాత్రమే ఇచ్చిన గుంపు ఒకటి విడిగా ఉండాలన్నారు. మా గైడ్‌కు అంతగా రుచించలేదు గాని, ఎండోటాక్సిన్ రెండవ మోతాదు గుంపును వదులుకొని దాని స్థానంలో ఈ గుంపును చేర్చాను. ఎలుకల సంఖ్య పెరగకుండానే అనుమతి వచ్చింది.