వాన పడినా బురద కాని నల్లమట్టి

నిరుడు ఆగస్టు మొదటి వారంలో నాన్నకు ఎల్లోస్టోన్ చూపిద్దామని సియాటెల్ నుంచి కారులో బయల్దేరాను. ఐ-90 హైవే మీదే పోతే తొందరగా చేరొచ్చు. కానీ దారిలో మోంటానా రాష్ట్రంలో బిగ్ హోల్ అనే లోయ ఉందని, అక్కడి గడ్డివాములు చూడదగ్గవని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. గడ్డివాములు చూడ్డానికి చుట్టు తిరిగి వెళ్తారా అని ఇంట్లో నవ్వారు. నాన్న మాత్రం "పోదాం పద" అన్నాడు.

నాన్నకు సత్తెనపల్లి దగ్గర ఆరెకరాల రేగడి ఉంది. పత్తి, మిరప వేస్తాడు. అమెరికా వచ్చి నెలన్నర అయినా ఆయన ఆశ్చర్యపోయింది తక్కువ. సియాటెల్‌లోని స్పేస్ నీడిల్ టవర్ కింద నిలబెడితే మెడ ఎత్తి చూసి "బానే ఉంది" అన్నాడు, అంతే.

మిజులాలో రాత్రి పడుకుని, పొద్దున్నే 93వ నంబరు రోడ్డు మీద దక్షిణంగా వెళ్ళాం. లాస్ట్ ట్రెయిల్ కనుమ, ఆ వెంటనే 7,241 అడుగుల ఎత్తున చీఫ్ జోసెఫ్ కనుమ. అక్కణ్ణుంచి దిగుతుంటే పైన్ చెట్లు ఉన్నట్టుండి అయిపోయి కళ్ళ ముందు ఒక మైదానం పరుచుకుంది. చుట్టూ కొండలుండి మధ్యలో ఇలా చదునుగా ఉన్న చోటును పాతకాలపు వేటగాళ్ళు 'హోల్' అనేవాళ్ళట. మైదానమే 6,000 అడుగుల ఎత్తున ఉంది. మధ్యలో బిగ్ హోల్ నది. 1805 ఆగస్టులో మెరివెదర్ లూయిస్ అనే అన్వేషకుడు దీనికి విజ్‌డమ్ అని పేరు పెట్టాడు. నదికి ఆ పేరు నిలవలేదు. దాని పక్కనున్న వంద గడప కూడా లేని ఊరికి నిలిచింది.

ఊరికి పది మైళ్ళ ముందే యుద్ధభూమి ఉంది. 1877 ఆగస్టు 9 తెల్లవారుజామున నిద్రలో ఉన్న నెజ్ పర్స్ అనే ఆదివాసీ తెగ జనం మీద అమెరికా సైన్యం పడిన చోటు. గుడారాల కర్రలు మాత్రం నిలబెట్టి ఉంచారు. అక్కడ మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

విజ్‌డమ్ దాటి జాక్సన్ వైపు వెళ్తుంటే నాన్న కారు ఆపమన్నాడు. గడ్డివాముల కోసమేమో అనుకున్నాను. ఆయన చూస్తున్నది కంచెను. దుంగల్ని గుణకారం గుర్తులా అడ్డంగా కట్టి, వాటి మీద పొడుగు వాసాలు వేసి మైళ్ళ తరబడి పెట్టుకుంటూ పోయారు. ఒక్క గుంజ కూడా నేలలో పాతలేదు.

"ఇంత కలప ఎందుకు తగలేశార్రా? గుంట తీసి గుంజ పాతితే పోయేదిగా?"

నా దగ్గర జవాబు లేదు. కంచె అవతల ఒక పెద్దాయన విరిగిన వాసం మారుస్తున్నాడు. వెళ్ళి అడిగాను. ఆయన నవ్వి, పికప్‌లోంచి గడ్డపార తీసి నాన్న చేతికిచ్చాడు. కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

నాన్న రెండు పోట్లు పొడిచాడు. మొదటిది జానెడు లోతు మెత్తగా దిగింది. రెండోది ఖంగుమంది. ఆ తర్వాత ఎటు పొడిచినా రాయే. కోడిగుడ్డంతవి, పిడికిలంతవి, అన్నీ నున్నటి గుండ్రాళ్ళు. ఏటి ఒడ్డున ఉండాల్సినవి ఏరు కనపడని గట్టు మీదికి ఎలా వచ్చాయని నాన్న అడిగాడు. చుట్టూ ఉన్న కొండల మీద ఒకప్పుడు హిమనదాలు ఉండేవి. దాదాపు 15 వేల ఏళ్ళ కిందట అవి కరిగిపోతూ వరదలా దించిన సరుకు ఇది. ఏరు ఆ తర్వాత తన దారిని కోసుకుంటూ కిందికి దిగిపోయింది, గట్లు పైన ఉండిపోయాయి. గుంజలు పాతలేక ఈ నిలబడే కంచె కట్టుకున్నారని తెలిశాక నాన్న ఆ వాసాల మీద చెయ్యి వేసి ఒకసారి ఊపి చూశాడు. కదల్లేదు.

తర్వాత ఆయన పట్టించుకున్నది పైనున్న ఆ జానెడు మట్టిని. చేతిలోకి తీసుకుని నలిపాడు. నల్లగా ఉంది, మన రేగడి అంత నల్లగా. కానీ ముద్ద కట్టలేదు, పొడిపొడిగా వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది. అందులో సగం సన్నటి గడ్డి వేళ్ళే.

నలుపంటే నాన్నకు ఒకటే అర్థం, బలమైన నేల. నిజానికి రేగడి నలుపులో కుళ్ళిన ఆకూ అలమూ పాలు తక్కువ, చాలా చోట్ల నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఆ రంగు దాని బంకమట్టిలోదే. ఇక్కడి నలుపు గడ్డిది. ఏడాదికొకసారి చచ్చే వేళ్ళు ఈ చలికి తొందరగా కుళ్ళవు, కొంచెం కొంచెంగా మట్టిలోనే మిగులుతాయి. వేల ఏళ్ళలో అది జానెడైంది. ఇలాంటి నేలల్ని మాలిసాల్స్ అంటారు. 'మాలిస్' అంటే లాటిన్‌లో మెత్తన. మన రేగడి వర్టిసాల్, అంటే తిరగబడేది. ఎండాకాలంలో నెర్రెలిచ్చి, పైమట్టిని ఆ నెర్రెల్లోకి మింగి, వానకు ఉబ్బి తన్ను తానే కలియదున్నుకుంటుంది కదా.

గుంటలోంచి తీసిన రాళ్ళలో ఒకదాన్ని నాన్న తిరగేశాడు. పైన బూడిదరంగు, అడుగున తెల్లటి పొర. గోటితో గీకి "సున్నం" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. మధ్యాహ్నం పెరుగన్నంలోకి తెచ్చుకున్న నిమ్మచెక్క ఉంటే పిండాను. సన్నగా బుసబుసమంది. కంచె పెద్దాయన కూడా వంగి చూశాడు. మంచు కరిగిన నీళ్ళు పైమట్టిలోని సున్నాన్ని కరిగించుకుని దిగుతూ రాయి అడుగున బొట్టుగా వేలాడతాయి. బొట్టు ఎండితే సున్నం అంటుకుంటుంది. మన చేలల్లో ఇదే సున్నం గులకలుగా దొరుకుతుంది, నాన్న అందుకే చూడగానే పట్టేశాడు.

ఇంతలో వాన. అరగంట దంచింది. కార్లో కూర్చున్నాం. వెలిసిన వెంటనే నాన్న దిగబోతుంటే ఆపబోయాను, చెప్పులు పాడవుతాయని. ఆయన వినకుండా సేజ్ పొదల మధ్య, గడ్డి దుబ్బుల మధ్య యాభై గజాలు నడిచొచ్చి కాళ్ళెత్తి చూపించాడు. బురద లేదు! మన దగ్గర ఇంత వాన పడితే ఒక్కో కాలికి రెండు కిలోల మట్టి పట్టుకొచ్చేది.

"పదును నిలవదురా దీంట్లో. తాగినంత తాగి కిందికి వదిలేస్తుంది."

అందుకే గట్టు మీద ఆ దుబ్బు గడ్డి, సేజ్ తప్ప ఇంకేం లేవు. నాలుగడుగుల కింద, నది పక్కన, కాలవల్లో మంచు నీళ్ళు మళ్ళించి తడిపే చోట పచ్చిక మోకాలెత్తు ఉంది. గడ్డివాములన్నీ అక్కడే. 1910లో పేటెంటు తీసుకున్న బీవర్‌స్లైడ్ అనే దుంగల నిచ్చెన మీదుగా ఇప్పటికీ కొందరు గడ్డిని ముప్పై అడుగుల పైకి నెట్టి వామి పోస్తారు. రెండు చోట్ల ఆగి ఫోటోలు తీసుకున్నాం. నాన్న ఫోటోలో నవ్వాడు, అది విశేషమే.

రాత్రి లాడ్జిలో వైఫై దొరికాక సాయిల్‌వెబ్ యాప్‌లో ఆ చుట్టుపక్కల నేలల వివరాలు చదివి వినిపించాను. 2 మిల్లీమీటర్లు దాటిన ముక్కనల్లా గులకగా లెక్కేస్తారు. మట్టి పరిమాణంలో అవి 35 శాతం దాటితే 'బాగా గులక నేల', 60 దాటితే ఇంకో మెట్టు. ఏడాది సగటున నేల వేడి 8 డిగ్రీలు దాటని చోటుకు ఇంకో పేరు. మనవి 22 దాటే కోవలోవి. నాన్న అంతా విని ఒకటే అడిగాడు, "మిరప వస్తుందా, రాదా?"

దానికి జవాబు పొద్దున్నే దొరికింది. ఆరింటికి బయటికొస్తే కారు అద్దం మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఆగస్టులో! ఈ లోయలో ఏ నెలలోనైనా ఇలా పడొచ్చని లాడ్జి ఆవిడ చెప్పింది. నాన్న శాలువా కప్పుకుని, నా క్రెడిట్ కార్డుతో అద్దం గీకుతూ, ఇంకో చేత్తో కౌలు రైతుకు ఫోన్ కలిపాడు. మన దగ్గర అప్పుడు సాయంత్రం. మూడు రోజులుగా ముసురట. పత్తిలో గుంటక తోలదామంటే చేలో కాలు పెట్టనివ్వట్లేదట.

"నాలుగు రోజులు ఆగు, అదే ఆరుద్ది" అన్నాడు నాన్న. ఫోన్ పెట్టేసి కార్డు నా చేతికిచ్చాడు. వంగిపోయింది.